కాశన్న గుండు, ఢిల్లీ కాగితం

డోన్ జంక్షన్‌లో రైళ్ళకు కొదవ లేదు. ఎద్దుల బండ్లు అంతకన్నా ఎక్కువ. లారీలు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. విమానం మాత్రం ఒక్కటే, అది కాశన్నది. దాన్ని కాశన్న కోరి కొనలేదు. లారీ కొంటే వెంట వచ్చింది.

యుద్ధం ముగిసి ఏండ్లు గడిచినా మద్రాసులో పాత మిలిటరీ సామాన్ల వేలం ముగియలేదు. దేశానికి మొదటి ఎన్నికలు వస్తున్న రోజులవి. నాపరాళ్ళు తోలే కాశన్నకు అప్పటికి ఒక లారీ ఉండేది. దానికి జత తెద్దామని మద్రాసు పోయాడు. వేలంలో ఒక మూల గట్టి లారీ కనబడింది. టైర్లు బాగున్నాయి, ఇంజను గొంతు బాగుంది. వెనకాల టార్పాలిన్ కప్పిన సరుకేదో ఉంది. అదేమిటని అడిగితే, బండీ బండి మీదిదీ కలిపి ఒకే పాట, ఇష్టముంటే పాడు, లేకపోతే జరుగు అన్నాడు వేలం వేసేవాడు.

డోన్ సంతలో గడ్డిబండిని గడ్డితో సహా కొంటారు. మోపులు విప్పి చూపించమని అడిగితే అమ్మేవాడికి అవమానం. కాశన్న ఆ మర్యాదలో పెరిగినవాడు. టార్పాలిన్ కింద చెయ్యి మాత్రం పెట్టి తడిమాడు. తీగలు తగిలాయి, చక్రమొకటి తగిలింది. ఇనుమే, తూకానికి వేస్తే లారీ ఊరికే వచ్చినట్టు అనుకున్నాడు. పాడేశాడు.

కడపలో టీ కోసం ఆగి టార్పాలిన్ విప్పితే లోపల ఉన్నది రెక్కలు ఊడదీసి పేర్చిన చిన్న విమానం. అందులో ఇనుము చారెడు. మిగతాదంతా కట్టె, గుడ్డ. కాశన్న బండి పక్కనే గొంతుక్కూర్చున్నాడు.

ఆ టీ అంగడి దగ్గరే గాబ్రియేలు దొరికాడు. మిషన్ బడిలో చదువుకొని, యుద్ధంలో విమానాల మరమ్మతు నేర్చి, ఆ తర్వాత మద్రాసులో నడపడమూ నేర్చి లైసెన్సు తెచ్చుకున్నవాడు. నడపడానికి విమానం లేక సైకిలు తొక్కుతున్నాడు. దేవదూత పేరు పెట్టారు కానీ రెక్కలివ్వడం మరిచారు. లారీ మీద ఉన్న రెక్కలు చూడగానే సైకిలు గోడకు ఆనించి, ఎవరూ పిలవకుండానే లారీ ఎక్కి కూర్చున్నాడు. ఇది చచ్చిపోలేదన్నా, నాకు అన్నం పెడితే చాలు, లేపి నిలబెడతానన్నాడు.

కాశన్నకు దాన్ని నిలబెట్టే ఆలోచనే లేదు. వడ్రంగికి ఇచ్చేస్తే తలుపులకైనా పనికొస్తుందని డోన్ చేరాడు. కానీ రైలు గేటు పడింది. గూడ్సు బండి ఎప్పటిలాగే తీరిగ్గా పోయింది. గేటు తీసేసరికి లారీ చుట్టూ సగం ఊరు ఉంది. అంతవరకు కాశన్నను ఊళ్ళో సుంకమ్మ మొగుడనేవాళ్ళు. సుంకమ్మ మాట పెద్దది, లెక్క పక్కాది. రాళ్ళ బేరానికి వచ్చినవాళ్ళు కూడా ఆమె ఇంట్లో ఉందా అనే అడిగేవాళ్ళు. ఆ రోజు గేటు దగ్గర ఎవడో కూలీ "విమానం కాశన్న వచ్చినాడప్పా" అన్నాడు. ఆ పిలుపు కాశన్న చెవిలో పానకం పోసినట్టు దిగింది. ఇక వడ్రంగి ఊసెత్తలేదు.

మరునాడు బస్‌స్టాండు హోటల్లో హనుమన్న తగులుకున్నాడు. హనుమన్నకు శనగనూనె మిల్లు ఉంది. సుంకమ్మకు స్వయానా అన్న, కాబట్టి కాశన్నకు బావ, కాబట్టి ఎగతాళికి హక్కుదారు.

"ఏం బావా, విమానం తెచ్చినావంట. కోళ్ళగూడు చేస్తావా?"

"ఎగురుతాది బావా."

"ఎగురుతాది సరే. ఎక్కేదెవరు? నువ్వా, ఆ కడప పిల్లోడా?"

హోటలంతా కాశన్న వైపు తిరిగింది. దోసె పోసేవాడు గరిటె ఆపాడు. అంతమంది తన ముఖం చూడడం కాశన్నకు అదే మొదలు. ఆ మత్తులో నోరు జారింది. "ఢిల్లీ నుంచి నా పేరు మీద కాగితం రావల్ల. వచ్చిన మరుసటి పొద్దున నేనే ఎక్కుతా. ఊరి మీద మూడు చుట్లు తిరిగొస్తా. తిరక్కపోతే ఈ ఊళ్ళో నన్నెవరూ పేరు పెట్టి పిలవొద్దండి."

ఆ కాగితం సంగతి గాబ్రియేలు చెప్పిందే. కొన్నవాడి పేరు మీద రిజిస్ట్రేషన్ అయ్యేదాకా విమానం నేల మీది నుంచి జానెడు కూడా లేవకూడదు, లేస్తే నేరం. ఆ మాట విన్నప్పుడు కాశన్నకు ప్రాణం కుదుటపడింది. ఎందుకంటే కాశన్నకు ఎత్తంటే చచ్చేంత భయం. చిన్నప్పుడు చింతచెట్టు ఎక్కలేదు. పెద్దయ్యాక లారీలో రాళ్ళ మీదికి ఎక్కలేదు. ఎండాకాలం ఊరంతా మిద్దెల మీద పడుకుంటే, తనకు మంచు పడదని చెప్పి నడింట్లో చెమటలు కక్కుతూ పడుకునేవాడు. మే నెలలో డోన్‌లో ఏం మంచు కురుస్తుందని ఎవరూ అడగలేదు. ఈ గుట్టు తనకొక్కడికే తెలుసని కాశన్న నమ్మకం.

గాబ్రియేలు విమానాన్ని లారీ షెడ్డు వెనక బయల్లో నిలబెట్టాడు. ఒకదాని మీద ఒకటిగా రెండు జతల రెక్కలు, ముందొకటి వెనకొకటి సీట్లు. మేకలు తోక గుడ్డ తింటే ఎమ్మిగనూరు మగ్గం గుడ్డ తెచ్చి అతికి రంగు పూశాడు. ఆదివారం చర్చి నుంచి వచ్చి ఇంజను తిప్పేవాడు. ఆ చప్పుడుకు స్టేషన్‌లో రైలెక్కినవాళ్ళు కూడా దిగి వచ్చేవాళ్ళు. పత్తికొండ నుంచి, బనగానపల్లె నుంచి కొత్త పెండ్లికూతురూ పెండ్లికొడుకూ వచ్చి విమానానికి మొక్కి, కాశన్న కాళ్ళకు మొక్కిపోయేవాళ్ళు. సుంకమ్మ కింది రెక్క మీద వడియాలు పెట్టేది. గాబ్రియేలు గుండె బాదుకుంటే, ఎగిరేదాకా ఎండనన్నా వాడుకోనీ అనేది. మద్రాసు నుంచి ఒక ఇంజనీరు వచ్చి, అంతా తట్టి చూసి, వడియాలు రెండు నోట్లో వేసుకొని, విమానం బాగుందని రాసిచ్చిపోయాడు. ఇక మిగిలింది ఢిల్లీ కాగితమే.

ఢిల్లీవాళ్ళు ఒక్కో ప్రశ్న వేస్తూ పోయారు. పాత యజమానికి అభ్యంతరం లేదని రుజువేది? ఇంజను మీది నంబరు ఏది? తండ్రి పేరు మొదటి దరఖాస్తులో ఒకలాగ, రెండోదానిలో ఒకలాగ ఎందుకుంది? గాబ్రియేలు ముత్యాల్లాంటి ఇంగ్లీషులో జవాబులు రాసేవాడు. కాశన్న సంతకం పెట్టేవాడు. ఒకసారి తెలుగులో, ఒకసారి ఇంగ్లీషులో, ఒకసారి వేలు తెగిందని చెప్పి ఎడమచేతి వేలిముద్ర. సంతకాలు కలవలేదని కాగితాలన్నీ తిరిగి వచ్చేవి. గాబ్రియేలు తల పట్టుకునేవాడు. సుంకమ్మ పక్కన కూర్చొని చింతపండు గింజలు తీస్తూ, నాపరాళ్ళ రసీదుల మీద ఇన్నేండ్లూ ఒకే సంతకం పెట్టినవాడికి ఇప్పుడేమొచ్చిందో అని చింతపండుతో చెప్పుకునేది.

అయినా కాశన్నకు సంతకాల మీద పూర్తి నమ్మకం కుదరలేదు. ఒక శనివారం బేతంచెర్ల దారి పట్టి మద్దిలేటి నరసింహస్వామి దగ్గరికి పోయాడు. చుట్టుపక్కల ఎవరూ లేరని చూసుకొని, స్వామీ, ఆ కాగితం రాకుండా చూడు, నీకు తల నీలాలు ఇస్తా అని మొక్కాడు.

ఏడాది గడిచింది. కాగితం రాలేదు. స్వామి మాట నిలబెట్టుకున్నాడు. మరి మొక్కు? అక్కడొక చిక్కు వచ్చింది. పని జరిగితే మొక్కు తీర్చడం అందరికీ తెలుసు. జరగకుండా ఉండడం ఏ రోజుకు పూర్తయినట్టు? గుడికి పోయి పూజారిని అడిగాడు.

"స్వామీ, ఒకాయన ఒక పని జరగగూడదని మొక్కినాడంట. అది జరగలే. మొక్కు యెప్పుడు తీర్చల్ల?"

పూజారి హారతి పళ్ళెం కింద పెట్టి ఆలోచించాడు. "ఎన్నాళ్ళు జరగగూడదో చెప్పినాడా?"

"లేదు."

"అయితే అది తెగని మొక్కప్పా. జరగని యేడల్లా వొచ్చి తీర్చుకుంటా పోవల్సిందే. ఎవరా తెలివైనోడు?"

"మా పక్కూరాయన" అని చెప్పి, కాశన్న పోయి మంగలి ముందు కూర్చున్నాడు.

నున్నటి గుండుతో డోన్‌లో దిగాడు. ఊరు ఆ గుండు చూసి కరిగిపోయింది. పాపం, కాగితం రావాలని ఎంత మొక్కుకున్నాడో అన్నారు. రెండో ఏడు మళ్ళీ గుండు. ఈసారి మీసాలు కూడా పోయాయి. అప్పుడు ఊరు ఊరుకోలేదు. స్టేషన్ కూలీలు కాశన్నకు కాగితం రావాలని టెంకాయలు మొక్కారు. లారీ క్లీనర్లు మొక్కారు. పూలమ్మేవాళ్ళు మొక్కారు. చివరికి హనుమన్న కూడా బావ ఎగరాలని, అదే మద్దిలేటి స్వామికి నూనె డబ్బా మొక్కాడు. ఎగరలేకపోతే చూడాలని కూడా లోపల ఉందో లేదో స్వామికి తెలుసు. దేశంలో కొత్తగా ఓట్లు వచ్చిన కాలం. ఒక్కడి కోరిక ఒక పక్క, ఊరందరి కోరిక ఒక పక్క. స్వామి కూడా ఎక్కువమంది మాట వినక తప్పలేదనుకోవాలి.

మూడో గుండు నాటికి ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, కర్నూలు రాజధాని అయింది. కట్టడాలు చాలక కచేరీలు గుడారాల్లో నడుస్తున్నాయి. డోన్‌కు కర్నూలు ఎంత దూరం? హనుమన్న ఊళ్ళో నలుగురిని కూడగట్టి, వద్దు బావా అంటున్న కాశన్నను లారీలో కూర్చోబెట్టి, ఒక పెద్ద అధికారి గుడారం ముందు దింపాడు. లోపల గాలికి ఫైళ్ళు ఎగిరిపోకుండా ఒక్కోదాని మీద ఒక్కో నాపరాయి ముక్క పెట్టి ఉంది. కాశన్న ఆ రాళ్ళ నాణ్యం చూస్తూ నిలబడ్డాడు. హనుమన్న ఉన్నట్టుండి బావ తల మీది పాగా తీసేశాడు.

"చూడండి సార్. ఇది మూడోది. ఒక్క కాగితం కోసం యేడాదికొక గుండు."

అధికారి కలం పక్కన పెట్టాడు. గుండు వైపు చూశాడు, గుడారం పైకప్పు వైపు చూశాడు. కప్పు మంజూరు కావాలని ఆయన కూడా ఢిల్లీకి రాసి ఎదురుచూస్తున్నవాడే.

కాశన్న చేతులు కట్టుకొని, లోపల ఉన్న ధైర్యమంతా కూడగట్టుకొని, నిజం చెప్పాడు. "తొందరేం లేదు సార్. నిదానంగానే రానీండి. రాకపోయినా నాకేం బాధ లేదు."

అధికారి కళ్ళు చెమర్చాయి. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఇంత ఓర్పు ఎక్కడా చూడలేదన్నాడు. ఆ నిమిషమే ఢిల్లీకి ఘాటుగా ఒక ఉత్తరం రాయించాడు.

సంక్రాంతి పోయి చలి తగ్గుతుండగా పోస్టుమ్యాన్ దస్తగిరి సైకిలు గంట కొట్టుకుంటూ వచ్చాడు. అతని వెనకాల స్టేషన్ నుంచి ఇంటిదాకా జనం. గాబ్రియేలు కవరు చింపాడు, కాగితం చూశాడు, ముద్ర చూశాడు, యజమాని పేరు దగ్గర కాశన్న పేరు చూశాడు. దాన్ని ముద్దు పెట్టుకొని చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. కాశన్న కూడా ఏడ్చాడు. ఊరు ఇద్దరినీ చూసి ఆనందబాష్పాలనుకుంది. సగం వరకు నిజమే.

ఇక మిగిలింది ముహూర్తం. కాశన్న గబగబా పంచాంగం బ్రాహ్మడి దగ్గరికి పోయి, ఇప్పుడు మూఢమేమో కదా అని ఆశగా అడిగాడు. ఆయన వేళ్ళు లెక్కపెట్టి, నీ జాతకానికి రేపటి పొద్దుకు మించింది ఈ ఏడాదిలోనే లేదప్పా అన్నాడు.

ఆ రాత్రి అన్నం సహించలేదు. ఎక్కకపోతే ఊళ్ళో తల ఎత్తుకోలేడు. ఎక్కితే తల ఉంటుందో లేదో తెలియదు. పొద్దున సుంకమ్మ కుంకుమ పెట్టి, "నేను బయలుకు రాను. మన మిద్దె మీద నుంచి చూస్తాలే, పో" అంది.

బయలంతా జనం. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. హనుమన్న గుమ్మడికాయ పగలగొట్టాడు. కాశన్నను ముందు సీట్లో కూర్చోబెట్టి గాబ్రియేలు బెల్టులు బిగించాడు. ఇవి చాలవు, లారీలో పగ్గం ఉంది తెచ్చి కట్టు అన్నాడు కాశన్న. తెచ్చి కట్టారు. గాబ్రియేలు వెనక సీట్లో కూర్చున్నాడు. ఇంజను అరిచింది. కాశన్న కళ్ళు మూసుకున్నాడు.

అక్కడి నుంచి ఆయనకు తెలిసింది ఇంతే: కింద గతుకులు ఒక్కసారిగా ఆగిపోయాయి. కడుపు నేల మీదే ఉండిపోయినట్టు అనిపించింది. గాలి గుండును చల్లగా నిమిరింది. వెనక నుంచి గాబ్రియేలు ఏదో అరుస్తున్నాడు, కుడివైపు చూడమనేమో, ఎడమవైపు చూడమనేమో. కాశన్న అన్నిటికీ తల ఊపాడు. లారీలు ఎవరికి చెందాలో మనసులో పంపకాలు చేశాడు. ఒకటి సుంకమ్మకు, ఒకటి గుడికి. మళ్ళీ ఆలోచించి రెండూ సుంకమ్మకే ఇచ్చాడు. ఇంకా రాళ్ళ బేరం సంగతి తేలకముందే చక్రాలు నేలను కొట్టాయి.

పగ్గం విప్పి దింపేసరికి భుజాల మీదికి ఎత్తారు. అక్కడా కళ్ళు మూసుకోబోయి తమాయించుకున్నాడు. హనుమన్న ఎదురొచ్చాడు.

"ఏం కనపడె బావా పైనుంచి? మా మిల్లు కనపడెనా?"

జనం ఇంకా దగ్గరికి జరిగారు. కాశన్న నోరు తెరిచాడు. ఏమని చెప్పాలి? పైనుంచి మిల్లు ఎలా ఉంటుందో, రైలు ఎలా ఉంటుందో ఆయనకేం తెలుసు? హనుమన్న కళ్ళు చిన్నవయ్యాయి.

సరిగ్గా అప్పుడు ఎద్దులబండి వచ్చి ఆగింది. సుంకమ్మ దిగి జనాన్ని తోసుకుంటూ వచ్చింది. "మిల్లు సంగతి తర్వాత అడుగుదువులే అన్నా" అని, మొగుడి వైపు తిరిగింది. "మిద్దె మీద నిలబడి ఈ ఎర్రచీర కొంగు ఊపుతాంటి గదా. నేను కనపడితినా?"

కాశన్నకు ప్రాణం లేచొచ్చింది. "కనపడకుండా యాడికి పోతావు? మిద్దె మీద ఎర్రగా, మిరపపండు మాదిరి ఉంటివి. కొంగు ఊపేది కూడా కనపడె. ఆ పక్కనే బావ మిల్లు, అగ్గిపెట్టె మాదిరి."

జనం ఒక్కసారిగా ఈలలు వేశారు. తన మిల్లు అగ్గిపెట్టె అయినందుకు హనుమన్న ముఖం కాస్త ముడుచుకుంది. ఇక కాశన్నను ఆపేవాళ్ళు లేరు. రైళ్ళు జెర్రుల్లా పాకుతున్నాయన్నాడు. బనగానపల్లె తోటల్లో ఏ చెట్టుకు ఎంత పూత ఉందో చెప్పాడు. ఒంటిమిట్ట గోపురం కూడా చూశానన్నాడు. ఒంటిమిట్ట కడప అవతల కదప్పా, అంత దూరం కనబడుతుందా అని ఎవరో గొణిగితే, పైన ఉన్నోనికి దూరమేముంటాది అన్నాడు. గాబ్రియేలు దేవుని బిడ్డ. అబద్ధం చెప్పలేడు, అన్నం పెట్టినవాణ్ణి కాదనలేడు. ఇంజను తుడుస్తూ ఉండిపోయాడు.

బండిలో ఇంటికి పోతుండగా సుంకమ్మ ఎద్దులను అదిలిస్తూ, ముందుకే చూస్తూ అంది. "నేను మిద్దె ఎక్కనే లేదు."

కాశన్న ఆమె వైపు తిరిగాడు.

"ఆ సద్దు ఆగేదాకా జొన్నల గాదె వెనకాల కండ్లు మూసుకొని కూర్చుంటి. నీ మాదిరే."

కాశన్న గొంతు తగ్గించి అడిగాడు. "ఎప్పటి నుంచి తెలుసు నీకు?"

"పెండ్లయిన మొదటి ఎండాకాలం నుంచి. మంచు పడదంటివి గదా."

"మీ అన్నకు చెప్తావా?"

"చెప్పను. రేపు పొద్దున నన్నూ ఎక్కించు. ఇంట్లో ఒకరన్నా కండ్లు తెరిచి చూడల్ల గదా."

మరునాడు సుంకమ్మ ఎక్కింది. పగ్గం వద్దంది. గాబ్రియేలును మూడు చుట్లతో సరిపెట్టనివ్వలేదు. ఇంకొకటి, ఇంకొకటి అని చేత్తో సైగ చేస్తూనే ఉంది. కింద కాశన్న తల ఎత్తి చూడలేక, షెడ్డు గోడ పట్టుకొని నిలబడ్డాడు. దిగేసరికి ఆమె జుట్టంతా చెదిరి ఉంది, ముఖం వెలిగిపోతోంది. నిన్నటికంటే ఎక్కువ జనం మూగారు. అందరికన్నా ముందు హనుమన్న.

"ఏం చెల్లీ, మా మిల్లు అంత చిన్నగా ఉందా? రైళ్ళు జెర్రుల మాదిరి ఉండాయా? నిజం చెప్పు, ఒంటిమిట్ట గోపురం కనపడెనా?"

సుంకమ్మ కొంగు సర్దుకుంది. గోడ దగ్గర నిలబడిన మొగుడి వైపు ఒకసారి చూసింది. ఆయన ముఖం పాలిపోయి ఉంది.

"మీ బావ చెప్పినట్టే ఉండాదన్నా" అంది. "ఒక్క ముక్క తేడా లేదు."